మీద టమాట, కింద అర్ర

కోరుట్లలో లక్ష్మీరాజం ఇంట్లో పదిహేడేళ్లుగా ఒకటే తగువు. "నేను చెప్పిన" అని భార్య విజయ, "నువ్వు చెప్పలే" అని ఆయన. తీర్పు చెప్పేది సిరిసిల్లలో ఉండే అత్తగారు సత్తవ్వ, అదీ ఫోన్లో. సొంత బిడ్డ ఫిర్యాదు చేస్తుంటే అత్తగారు ఎవరి పక్షం తీర్పు చెబుతుందో మీకు నేను వివరించక్కర్లేదు.

తోటకూర తెమ్మంటే పాలకూర తెచ్చాడన్నది ఒక నేరం. ఆదివారం పెళ్లికి సోమవారం వెళ్లి, పందిరి గుంజలు పీకేవాళ్లతో కూర్చుని మిగిలిన లడ్డూలు తిని వచ్చాడన్నది ఇంకొకటి. తను నిర్దోషినని లక్ష్మీరాజానికి గట్టి నమ్మకం. కానీ రుజువేదీ? జగిత్యాలలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తూ, కాగితం లేనిదే చీమను కూడా లోపలికి రానివ్వని మనిషి, ఇంట్లో మాత్రం కాగితం లేక వరసగా ఓడిపోతూ వచ్చాడు.

అవి 2013 తొలి నెలలు. తెలంగాణ సంగతి నెలలో తేలుస్తామన్న ఢిల్లీ పెద్దలు, నెలంటే ముప్పై రోజులే కాదని కొత్త లెక్క చెప్పిన కాలం. ఆఫీసు ముందర దీక్షల కోసం వేసిన టెంటులో భోజనాల వేళ ఉద్యోగులంతా కూర్చుని ఆ లెక్క మీదే మాట్లాడుకునేవారు. 2009 డిసెంబర్ తొమ్మిదిన ఇచ్చిన మాట ఇరవై మూడుకల్లా వెనక్కి పోయిన ముచ్చట అప్పటికి నూరోసారి నడుస్తోంది.

పక్క సీటు అరుణ్ తన ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. ఎవరో నాయకుడు పొద్దున ఫేస్‌బుక్‌లో ఏదో రాసి, అందరూ తిడితే సాయంత్రానికి తీసేశాడట. తీసేయకముందే అరుణ్ దాన్ని స్క్రీన్‌షాట్ కొట్టి పెట్టుకున్నాడు.

"పొద్దుగాల ఒకటంటరు, పొద్దుమీకి అనలేదంటరు. గిట్ల పట్టి పెట్టుకోకుంటే మనమే అబద్ధాలోళ్లమైతం, రాజమన్నా" అన్నాడు అరుణ్.

ఆ మాట లక్ష్మీరాజం గుండెలో దిగబడింది. టెంటులో మిగతావాళ్లంతా ఢిల్లీ గురించి ఆలోచిస్తున్నారు. ఆయన పాలకూర గురించి ఆలోచిస్తున్నాడు. ఫోను పక్కనున్న రెండు మీటలు ఒకేసారి నొక్కాలని అరుణ్ దగ్గర అక్కడికక్కడే నేర్చుకుని, బస్సులో కోరుట్ల చేరేలోపు పదిహేనుసార్లు సాధన చేశాడు.

విజయకు కూడా ఫోనుంది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే ఆమె తమ్ముడు నర్సింగం దసరాకు అక్కకు కానుకగా పెట్టాడు. అందుకని లక్ష్మీరాజం పథకం సులువైంది. ఇకమీదట ఏం కావాలన్నా నోటితో చెప్పొద్దనీ, పని ఒత్తిడిలో మరిచిపోతున్నాననీ, మెసేజ్ పెడితే చాలనీ భార్యను ఎంతో ప్రేమగా అడిగాడు. ఆమె సరేనంది. లోపల ఆయన మనసు ఎగిరి గంతేసింది.

పది రోజులు ఏమీ కాలేదు. విజయ చెప్పింది చెప్పినట్టు ఆయన తెస్తున్నాడు, ఆమె తీసుకుంటోంది. ఎన్నడూ లేనిది ఇల్లు ప్రశాంతంగా ఉండడంతో లక్ష్మీరాజానికి కంగారు పుట్టింది. పదకొండో రోజు దేవుడు కరుణించాడు.

ఆ రోజు ఆఫీసులో ఉండగా విజయ నుంచి రెండు మెసేజ్‌లు వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు. మొదటిది, సాయంత్రం రెండు కిలోల టమాట తెమ్మని. దాని కిందిది, ముందటి అర్ర సంగతి ఏం చేసినవని.

ఈ ముందటి అర్ర గురించి కాస్త చెప్పాలి. వీధి వైపు తలుపున్న గది అది. విజయకు జాకెట్లు కుట్టడంలో మంచి చెయ్యి. బుగ్గారం నుంచి, కోనరావుపేట నుంచి కూడా చుట్టాల చుట్టాలు బట్టలు పంపేవారు. కానీ ఆమె మిషను ఉన్నది వంటింట్లో, బియ్యం డ్రమ్ముకూ పొయ్యికీ మధ్య. పక్కింటి బుచ్చవ్వ పట్టు జాకెట్టు తొడుక్కుని పెళ్లికి వెళితే, పక్కన కూర్చున్నావిడ "ఇంట్ల ఎండు చేపలా?" అని అడిగిందట. అప్పటినుంచీ ఆ గది తనకిస్తే దుకాణం పెట్టుకుంటానని విజయ అడుగుతోంది.

ఇవ్వడానికి గది ఖాళీగా లేదు. అందులో లక్ష్మీరాజం పడక కుర్చీ ఉంది. దాని చుట్టూ నాలుగేళ్ల దినపత్రికలు నడుమెత్తు గుట్టలుగా ఉన్నాయి. ఆయన ఉద్యమ చరిత్ర రాయబోతున్నాడు. ఎప్పుడు? తెలంగాణ వచ్చినంక. ఆ రోజుల్లో ఆయన ఏ పనైనా ఆ ముహూర్తానికే పెట్టుకునేవాడు. కారుతున్న నల్లా, కిరకిరలాడే ఫ్యాను, సిరిసిల్ల ప్రయాణం, అన్నీ తెలంగాణ వచ్చినంకనే.

అందుకని పెద్దగా ఆలోచించకుండా, "తెలంగాణ వచ్చిన తెల్లారి అర్ర నీదే. ఒట్టు" అని కొట్టి పంపేసి టెంటులోకి వెళ్లి కూర్చున్నాడు. తెలంగాణ వస్తుందని ఆయనకు నిండా నమ్మకమే. కానీ తారీఖు లేని మాట ఇవ్వడానికి ఎవరికీ భయముండదు.

సాయంత్రం టమాటల సంచి దించగానే విజయ తూచినట్టుగా చూసి, రెండు కిలోలెందుకు తెచ్చినవని అడిగింది. తను చెప్పింది ఒక్క కిలోనే గదా అని కూడా అంది.

లక్ష్మీరాజం ఆనందంగా ఫోను తీశాడు. మెసేజ్ చూపిస్తే సరిపోయేదే. కానీ మెసేజ్ అంటే మాట, షాట్ అంటే గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టిన నకలు అని ఆయన అభిప్రాయం. ఆమె ఎదురుగానే రెండు మీటలూ నొక్కాడు. టక్కుమంది. ఆ నకలు తీసి, "సదువు" అని చేతికిచ్చాడు.

విజయ ఫోను అందుకుని చదివింది. మీది నుంచి కింది దాకా నిదానంగా చదివింది. పదిహేడేళ్ల కాపురంలో ఆమె మారుమాట్లాడకుండా నిలబడడం ఆయన మొదటిసారి చూశాడు. ఆ తర్వాత ఆమె చిన్నగా నవ్వింది.

"నాదే తప్పు. గీ షాట్ మంచిగచ్చింది. మన గ్రూపుల పెట్టు, మా అమ్మ, తమ్ముడు అందరు సూస్తరు" అంది.

ఓడిపోయి కూడా ఇంత పెద్ద మనసా అని ఆయన కరిగిపోయాడు. వెంటనే కుటుంబం గ్రూపులో పెట్టాడు. గెలిచినవ్ బావా అని నర్సింగం రాశాడు. సత్తవ్వకు నర్సింగం చదివి వినిపిస్తే, ఆమె మొదటిసారి అల్లుడి పక్షాన తీర్పు చెప్పింది. ఆ తీర్పు తెలిశాక లక్ష్మీరాజం అదే షాట్ ఆఫీసు గ్రూపులో పెట్టాడు, పాత క్లాస్‌మేట్లకు పంపాడు, వెల్గటూర్‌లో ఎప్పుడో గొడవపడి మాటలు మానేసిన పెదనాన్న కొడుక్కి కూడా పంపాడు. అతను "ఎన్ని కిలోలు?" అని అడిగి రాజీకి వచ్చాడు. అందరూ టమాటల్ని చూశారు. కింద ఏముందో ఎవరూ చూడలేదు, ఆయనతో సహా.

ఆ గెలుపు తలకెక్కింది. కనిపించిందల్లా షాటే. ఎండ నలభై మూడు డిగ్రీలుంటే, ఆ అంకెను షాట్ కొట్టి తన పక్కనే ఎండలో నిలబడి చెమటలు కక్కుతున్న అరుణ్‌కు పంపేవాడు. ఎవరెవరు గుడ్ మార్నింగ్ చెప్పారో, ఎవరు చెప్పలేదో షాట్లు తీసి దాచాడు. ఒకరోజు ఫోను ఇక చోటు లేదని మొరపెట్టుకుంటే, ఆ మొరను కూడా షాట్ కొట్టబోయి, చోటు లేక కొట్టలేకపోయాడు.

విజయ కూడా ఆ రెండు మీటల విద్య నేర్పమంది. గెలిచినవాడి ఉదారతతో ఆయన నేర్పాడు. ఆమె దాన్ని జాకెట్లకు వాడింది. ఎక్కడ మంచి మెడ కనిపించినా టక్కున పట్టేది. కుండ మెడ, పడవ మెడ, వీపు మీద తాళ్లు, తాళ్లకు గజ్జెలు. పట్టినదల్లా గిరాకీలకు పంపి, ఇది కావాలా అది కావాలా అని అడిగేది. షాట్లు సాక్ష్యానికి గానీ జాకెట్లకు కాదని లక్ష్మీరాజం నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

ఆ మధ్యలోనే జగిత్యాలలో రోడ్డు మీద వంటావార్పు జరిగింది. బండ్లు ఆపి, నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, ఉద్యోగులే వండుకుని తిన్నారు. పొడుగాటి గరిటెతో కిచిడీ కలుపుతున్న లక్ష్మీరాజం బొమ్మ పేపర్లో పడింది. విజయ దాన్ని శ్రద్ధగా కత్తిరించి దాచింది. "మంచిగనే కలుపుతున్నవ్" అని మాత్రం అంది.

జూలై ఆఖరున ప్రకటన వచ్చింది. ఊరంతా పటాకులు. విజయ భర్త నోట్లో మిఠాయి పెట్టి ముందటి అర్ర వైపు చూసింది. ప్రకటనలు ఇంతకుముందు కూడా వచ్చాయనీ, బిల్లు పాసైతేనే వచ్చినట్టనీ ఆయన మిఠాయి నములుతూ చెప్పాడు. ఆమె సరేనంది. ఆ సరే ఆయనకు సరిగ్గా జీర్ణం కాలేదు.

ఫిబ్రవరిలో బిల్లు లోక్‌సభలో పాసైంది. లక్ష్మీరాజం జగిత్యాల రోడ్ల మీద ఎగిరి, గులాల్ పూసుకుని, గొంతు పోయేలా అరిచి, జీవితంలో ఎన్నడూ ఎరగనంత సంతోషంతో ఇల్లు చేరాడు. గుమ్మంలోకి అడుగు పెట్టేసరికి విజయ టేపు పట్టుకుని ముందటి అర్రను కొలుస్తోంది. పడక కుర్చీని కూడా దాటుకుని కొలుస్తోంది.

మరునాడు సెలవు పెట్టాడు. విజయ మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లగానే ఆమె ఫోను తీశాడు. తను పంపిన మెసేజ్‌లన్నీ ఒక్క దెబ్బకు తుడిచేశాడు. అంతలో ఇంకో అనుమానం వచ్చింది. ఒట్టు వేసిన ఆ మాటను ఆమె షాట్ కొట్టుకుని ఉంటే? బొమ్మలు తెరిస్తే రెండు వందల పైచిలుకు ఉన్నాయి. కళ్లద్దాలు దగ్గర లేవు, మిద్దె మెట్ల మీద చప్పుడవుతోంది. వెతికే ఓపిక లేక మొత్తం పట్టి తీసేశాడు.

మధ్యాహ్నం ఆయన అన్నం తింటుండగా బుచ్చవ్వ వచ్చింది. మనవరాలి పెళ్లి, పన్నెండు జాకెట్లు. ఏది ఎవరికో బొమ్మలు చూసి ఖాయం చేసుకున్నారు, ఆ రోజు కత్తిరించాలి. విజయ ఫోను తెరిచింది. ఒకసారి మూసి మళ్లీ తెరిచింది. మిషను ముందు స్టూలు మీద కూర్చుని, ఆ ఖాళీని చూస్తూ ఉండిపోయింది.

"ఏడాది సంది జమచేసిన" అంది మెల్లగా, ఎవరితోనో తెలియనట్టు.

లక్ష్మీరాజం ముద్ద పళ్లెంలో పెట్టేశాడు. తను తీసింది సాక్ష్యం అనుకున్నాడు. అది ఆమె ఏడాది కష్టం. సిగ్గుతో ఆయన తల పళ్లెంలోకి వంగిపోయింది. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ పెరుగు అడిగాడు.

విజయ కళ్లు తుడుచుకుని గ్రూపులో రాసింది. తన బొమ్మలన్నీ పోయాయనీ, తాను పంపినవి ఎవరి దగ్గరున్నా తిరిగి పంపమనీ. గిరాకీలకు కూడా అదే రాసింది. కాసేపటికి ఫోను టింగుమంది. బుగ్గారం నుంచి పడవ మెడ వచ్చింది. కోనరావుపేట నుంచి గజ్జెల తాళ్లు వచ్చాయి. సాయంత్రం దీపాల వేళకు పోయిన రెండు వందలు వచ్చి, వాటితో పాటు ఎన్నడూ చూడని ఇంకో ముప్పై వచ్చాయి. ప్రతి టింగుకూ విజయ ముఖం కాస్త వెలిగింది, లక్ష్మీరాజం గుండె మీది బరువు కాస్త దిగింది. పంచిపెట్టిన వస్తువును దొంగతనం చేయడం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజు తెలిసింది.

చివర్న నర్సింగం నుంచి ఒకటి వచ్చింది. "అక్కా, నా ఫోన్ల జాకెట్లు లేవు గని, గిదొక్కటి దొరికింది" అని రాశాడు.

విజయ భుజం మీదుగా లక్ష్మీరాజం తొంగి చూశాడు. అది ఆయన టమాటల షాట్. మీద రెండు కిలోలు. కింద ముందటి అర్ర. దాని కింద, తెలంగాణ వచ్చిన తెల్లారి నీదే అన్న తన మాట, పక్కన ఒట్టు. ఏడాదిగా ఊరూరా తిప్పిన ఆ షాట్‌ను ఆయన పూర్తిగా చదవడం అదే మొదటిసారి.

విజయ ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"నా బొమ్మలు పోయినయ్, సరే. నువ్వు పంపిన మెసేజులు గూడ ఒక్కటి లేవు. దొంగోడు ఇంట్ల పడితె బంగారం ఎత్తుకపోతడు గని, మొగడు చెప్పిన మాటలు ఎత్తుకపోతడా?"

లక్ష్మీరాజం స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాడు. తనే తీశానని, గది పోతుందన్న భయంతో తీశానని, జాకెట్ల బొమ్మలని చూసుకోలేదని, మొత్తం ఒప్పేసుకున్నాడు. తప్పైందని కూడా అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం విజయకు కొత్త. ఆమె లేచి నీళ్లిచ్చింది.

నీళ్లు తాగాక ఆయనకు ఒక సందేహం మిగిలింది. "గిది మనకు దొరకకపోతె ఎట్ల? నువ్వు షాట్ తీసి పెట్టుకోలేదా?"

"నాకెందుకు? ఆ దినం నువ్వే తీసినవ్. నేను కింది దాక సదివిన. గందుకే గ్రూపుల పెట్టుమన్న. సిరిసిల్ల దాక నువ్వే పంపినవ్."

ఓడిపోయి నవ్విందనుకున్న ఆ నవ్వు లక్ష్మీరాజానికి అప్పుడు అర్థమైంది. అయినా సర్కారు ఉద్యోగి కదా, ఆఖరి కొర్రీ ఒకటి వేశాడు. బిల్లు వేరు, రాష్ట్రం వేరనీ, తారీఖు పడాలనీ అన్నాడు. ఆమె మళ్లీ సరేనంది. ఈసారి ఆ సరే అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

తారీఖు జూన్ రెండుకు పడింది. ఆ రోజు జగిత్యాలలో ఆఫీసు మీద జెండా ఎగురుతుంటే లక్ష్మీరాజం కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అరుణ్‌ను కావలించుకున్నాడు. సాయంత్రం బస్సు దిగి ఇంటి మూల తిరిగేసరికి, తన గుమ్మం ముందు జనం కనిపించారు. తన కోసమేనేమో అనుకున్నాడు. నిజమే, ఆయన కోసమే.

గుమ్మం మీద గోడంత ఫ్లెక్సీ కట్టి ఉంది. నర్సింగం సిరిసిల్ల నుంచి కొట్టించి తెచ్చాడు. నాయకుల ఫ్లెక్సీల్లో మాదిరే ఒక మూల చేతులు జోడించిన లక్ష్మీరాజం ఫోటో. నడుమ టమాటల షాట్, ఒక్కొక్క అక్షరం అరచేయంత. కింద ఇలా ఉంది: "ఇచ్చిన మాట నిలబెట్టుకున్న మా ఇంటాయనకు వందనాలు. విజయ లేడీస్ టైలర్స్."

తెల్లవారి అన్నాను కదా, ఇంకా ఒక రాత్రి ఉంది కదా అని ఆయన చిన్న గొంతుతో అడిగాడు. పొద్దున దుకాణం తెరవాలంటే ఫ్లెక్సీ ముందురోజే కట్టాలని ఆమె చెప్పింది. ఇంతలో వీధిలో మగవాళ్లు వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఢిల్లీ వాళ్లు నాలుగేళ్లు తిప్పారు, నువ్వు తారీఖుకు ముందే ఇచ్చావని మెచ్చుకున్నారు. బుచ్చవ్వ దిష్టి తీసింది. ఇంతమంది పొగుడుతుంటే, ఇవ్వలేదని ఏ మగాడు చెప్పగలడు? ఫ్లెక్సీలోని తన ఫోటోలాగే ఆయన కూడా చేతులు జోడించి నిలబడ్డాడు.

లోపలికి వెళ్లి చూస్తే పేపర్ల గుట్టలు మిద్దె మీదికి ఎక్కాయి. పడక కుర్చీ వంటింట్లో, మిషను ఖాళీ చేసిన చోట, బియ్యం డ్రమ్ముకూ పొయ్యికీ మధ్య వేసి ఉంది. దాని ఎదురుగా గోడకు పేపర్లో వచ్చిన ఆయన వంటావార్పు బొమ్మ అంటించి ఉంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గరిటె అందేంత దగ్గర్లోనే ఉంది.

దుకాణం బాగా నడిచింది. లక్ష్మీరాజానికి ఊళ్లో టమాట రాజం అనే పేరు స్థిరపడింది. వంటింటి కుర్చీలో కూర్చుని పప్పు కలుపుతూ పేపరు చదవడం ఆయనకు మెల్లగా అలవాటైంది. నిజం చెప్పాలంటే, ముందటి అర్ర నుంచి మిషను చప్పుడూ, ఆడవాళ్ల నవ్వులూ వినిపిస్తుంటే ఆయనకు హాయిగానే ఉండేది. చరిత్ర మాత్రం ఇంకా రాయలేదు.

నెల తర్వాత ఒక సాయంత్రం కిలో టమాటలు తెచ్చి దించాడు. విజయ కత్తెర ఆపి సంచిలోకి చూసింది.

"నేను అన్నది రెండు కిలోలు గద. కిలో తెచ్చినవేంది?"

లక్ష్మీరాజం రక్తం ఉరకలెత్తింది. ఫోను తీశాడు. మెసేజ్ ఉంది, కిలో అనే ఉంది. రెండు వేళ్లు రెండు మీటల మీదికి వాటంతట అవే వెళ్లాయి. నొక్కబోతూ, ఎందుకైనా మంచిదని ఈసారి కింది దాకా చదివాడు. మీద కిలో టమాట ఉంది. కింద, ఇంకో మిషను ఎప్పుడు కొందామని ఆమె అడిగింది. దాని కింద, దసరాకు ఖాయమని పొద్దున ఆఫీసు హడావుడిలో తను కొట్టిన జవాబుంది.

ఫోను జేబులో పెట్టుకుని, గోడకున్న సంచి తీసుకుని, ఇంకో కిలో కోసం బజారుకు బయలుదేరాడు.